గదిలో ఎక్కిన కొండ

జనవరి 9

తోడల్లుడికి,

నువ్వూ మా మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసాయే. అంటే నేను కులాసా, మీ వదిన కాపలా. చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ కాగితాల గోలేమిటని నవ్వకు. ఈ ఇంట్లో నేను ఫోన్‌లో ఏం మాట్లాడినా పక్కగదిలో మీ వదిన చెవిలో పడుతుంది. ఉత్తరమైతే కొట్లో కూర్చుని, కళ్ళద్దాల కోసం వచ్చినవాళ్ళు ఫ్రేములు ఎంచుకునేలోపు రాసేస్తాను.

సంగతి నీకు తెలిసిందే. కిందటేడు కొండ సవారీలో మూడో మలుపు దగ్గర నేను పడి, భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాక మీ వదిన నా సైకిల్ ముందు చక్రం ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. చీరల పక్కన చక్రం! "ముందు ఈ గదిలో కొండెక్కి చూపించండి, ఆ కొండ సంగతి తర్వాత చూద్దాం" అంది. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అన్నారా అని నేనూ సరే అన్నాను. షరతులు రెండు. ఆమె ఇంట్లో ఉన్నప్పుడే తొక్కాలి. మన కొండ మొత్తం, కాలు కింద పెట్టకుండా, ఆమె కళ్ళముందు ఎక్కాలి. ఏప్రిల్ మొదటి ఆదివారం సవారీ. ఆలోపు గెలవకపోతే చక్రం బీరువాలోనే.

నువ్వు మొన్న వచ్చి, గదిలో ఉన్నచోటే తొక్కే ఆ ట్రైనర్ బిగించి పెట్టినందుకు సంతోషం. వెనక చక్రం తీసేసి ఆ ఇనప పెట్టెకి సైకిల్ తగిలించడం నీవల్లే అయింది. ఆ రోజు నా ట్యాబ్ కొట్లో ఉండిపోవడంతో మీ వదిన ఫోన్‌తోనే అంతా సరిచూసి, బ్రహ్మాండం అని వెళ్ళిపోయావు. ఇప్పుడు ట్యాబ్ తెచ్చుకుని కూర్చుంటే బ్రహ్మాండం బద్దలైంది.

ఆ పెట్టెకి ఉన్నది ఒక్కటే పళ్ళచక్రం. గేర్లన్నీ హ్యాండిల్‌కి అతికించిన రెండు బటన్లలో ఉన్నాయన్నావు. అంటే గేర్లు లేని గేర్లు. సరే, నమ్మాను. తెరమీద రోడ్డు చూపిస్తూ, దాని ఎత్తుకి తగ్గట్టు పెట్టెని బిగించే యాప్ కావాలన్నావు. కానీ మన కొండ రోడ్డు ఉన్న యాప్‌లో ఆ బటన్లు పనిచెయ్యవు. బటన్లు పనిచేసే యాప్‌లో మన కొండ లేదు, అన్నీ ఎవరెవరివో కొండలే ఉన్నాయి. ఎవరి కొండో ఎక్కి మీ వదినకి ఏం చూపించను? ఇరవై ఏళ్ళుగా ఏటా నీతో ఎక్కుతున్న కొండ అది. ఈ ఏడు ఎక్కకపోతే ముసలాడినైపోయానని నా అంతట నేనే ఒప్పుకున్నట్టు. ఆ పని నేను చెయ్యను.

ఉపాయం చెప్పు. తొందరగా.

నీ అన్నయ్య

జనవరి 17

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం లిఫ్టు గుంటలో దిగి ఉండగా అందింది. అక్షరాలా అంతే. మా లిఫ్టుల కంపెనీ కుర్రాడు పైనుంచి అందించాడు. ఎనిమిది అంతస్తుల లిఫ్టు కింద గ్రీజు పూసుకుని, మీ గేర్లు లేని గేర్ల గురించి చదివి పడీపడీ నవ్వాను. మీ మరదలు కూడా నవ్వింది, అయితే గ్రీజు మరకలున్న కాగితం ఇంట్లోకి తెచ్చినందుకు తర్వాత తిట్టింది.

కంగారు పడకండి, ఇది నాకు మంచినీళ్ళ ప్రాయం. మీ బటన్లు తిన్నగా ట్రైనర్‌తో మాట్లాడవు. బటన్ యాప్‌కి చెబుతుంది, యాప్ ట్రైనర్‌కి చెబుతుంది, ట్రైనర్ బరువు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. లిఫ్టులో బటన్ నొక్కితే మోటారు తనంతట తాను కదులుతుందా? మధ్యలో కంట్రోలు పెట్టె ఉంటుంది. ఇదీ అంతే. ఈ కంపెనీ బటన్ల భాష అన్ని యాప్‌లకీ రాదు. కాబట్టి బటన్ల భాష వచ్చిన యాప్‌నే ఉంచుకోండి. మన కొండని అందులోకి నేను పంపిస్తాను. కిందటేడు ఎక్కినప్పుడు నా హ్యాండిల్ మీది మీటరు రోడ్డంతా రాసుకుంది, మీరు పడిన చోటుతో సహా. ఆ ఫైలు మీ ట్యాబ్‌కి వస్తుంది. "రోడ్డు చేర్చు" అన్నదాని మీద నొక్కితే చాలు.

గొలుసు ముందువైపు చిన్న చక్రం మీద వేసి, తిన్నగా ఉందో లేదో వెనకనుంచి ఒకసారి చూసి, ఇక సైకిల్ గేర్ల జోలికి పోకండి. అంతా బటన్లతోనే.

ఆ తర్వాత ట్యాబ్‌లో ట్రైనర్ని వెతకమంటే పేరు కనబడుతుంది. పేరు పక్కన ఏవో నాలుగు అంకెలుంటాయి, వాటితో మనకి పనిలేదు. కనబడినదాన్ని నొక్కెయ్యండి. ఇంట్లో ఉన్నది ఒక్కటేగా, పెళ్ళిచూపులా ఏమన్నానా ఎంచుకోవడానికి!

సవారీ పట్టికలో మన ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. పక్కపక్కనే.

మీ తమ్ముడు

జనవరి 29

తోడల్లుడికి,

నీ నోట్లో పంచదార పొయ్య! అంతా నువ్వు చెప్పినట్టే జరిగింది. వెతకమన్నాను, ఒక్క పేరే కనబడింది, నొక్కాను. మన కొండ నా గదిలోకి వచ్చింది. మొదటి మలుపు దగ్గర పాడుబడ్డ టోల్ గేటు లేదుగానీ, ఎత్తుపల్లాలన్నీ అచ్చం అవే.

ఇక అసలు సంగతి విను, కుర్చీలో గట్టిగా కూర్చుని విను. నిన్న మూడో మలుపు దాకా కిందటేడు నీకు పట్టిన దానికంటే ఐదు నిమిషాలు ముందే చేరాను. ఔను, నీకంటే. తొక్కుడు బలం చూపించే వాట్ల అంకె చూసి నాకే కళ్ళు తిరిగాయి. ఇంట్లో కళ్ళజోళ్ళకి కొదవలేదు కాబట్టి రెండు జతలు మార్చి చూశాను, అంకె మారలేదు. ఇన్నాళ్ళూ మన రోడ్లమీద గాలి, దుమ్ము, నీ కబుర్లు నన్ను వెనక్కి లాగాయని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక చిన్న లోపం మాత్రం ఉంది. బటన్ నొక్కితే తెరమీద గేరు అంకె మారుతుంది, కాలికి మాత్రం ఏమీ తెలియదు. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అన్నట్టు, పదిలో ఉన్నా ఇరవైలో ఉన్నా తొక్కుడు బరువు అదే. ఆ బరువు కూడా మామూలుగా లేదు, బస్తా కట్టుకుని తొక్కుతున్నట్టుంది. అయినా మంచిదే, కాళ్ళు గట్టిపడతాయి. ఇంకొకటి. నీళ్ళు తాగడానికి ఒక్క క్షణం ఆగినా తెరమీది మనిషి ఆగడు, నా మర్యాద కాపాడుతూ ఎక్కుతూనే ఉంటాడు. మొన్న నేను దిగి చెమట తుడుచుకున్నాక కూడా కాసేపు ఎక్కాడు. యాప్ వాళ్ళు పోయేవాడికి ఊపు ఉంటుందని లెక్కలో వేసినట్టున్నారు. తెలివైనవాళ్ళు.

పొద్దున్నే నాకు అలారం కూడా అక్కర్లేదు. మా పై వాటాలో ఈత నేర్పే అమ్మాయి ఒకామె ఉంది చూశావా, నా ట్రైనర్ పెట్టె మెట్లమీద మోస్తుంటే చూసి మర్నాడే అదే రకం కొనుక్కుంది. ఆమె తొక్కడం మొదలుపెట్టగానే మా పైకప్పు గుయ్యిమంటుంది. ఆ గుయ్యి వినగానే నేనూ ఎక్కుతాను. ఆమెకి యాప్‌ల గొడవ లేదు, టీవీలో సినిమా పెట్టుకుని తొక్కుతుంది.

మీ వదిన? మూల కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. నా రికార్డు కేసి తలెత్తి చూడదు. చూస్తుందిలే.

నీకంటే ఐదు నిమిషాలు ముందున్న,
నీ అన్నయ్య

ఫిబ్రవరి 6

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం మీ మరదలు పైకి చదివింది. ఐదు నిమిషాల ముక్క రెండుసార్లు చదివింది. ఆమె మీ పక్షం.

నేను మాత్రం అనుమానం పక్షం. అరవై దాటి, భుజం అతికించుకుని, ఆరు నెలలు కుర్చీలో కూర్చుని లేచిన మనిషి మూడో మలుపు దగ్గర నన్ను దాటిపోయాడంటే యంత్రం అయినా అబద్ధం చెప్పాలి, మనిషైనా చెప్పాలి. యంత్రాలు అబద్ధం చెప్పవని నా ఉద్యోగం నాకు నేర్పింది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. యాప్‌లో మీ బరువు ఎంతని రాశారు? కొండమీద బరువు తక్కువ వాడు తొందరగా పోతాడు. పెళ్ళినాటి బరువు రాసుకుంటే తెరమీద ఎవరైనా గెలుస్తారు. మా సైకిల్ గుంపులో ఒకడు ఇలాగే తనని పన్నెండేళ్ళ పిల్లాడి బరువుకి దించుకుని నెల్లాళ్ళు మమ్మల్ని ఏడిపించాడు.

గేరు మారినా కాలికి తెలియడం లేదన్నారు. దానికి కారణం ఒకటుంది. వాట్లు స్థిరంగా ఉంచే పద్ధతి ఒకటి ఉంటుంది. అందులో ఉంటే మీరు ఏ గేరు వేసినా ట్రైనర్ దానికి తగ్గట్టు సర్దేసి అదే శ్రమ పెడుతుంది. కొండ పద్ధతిలోకి మార్చుకుంటే ఎత్తుకి తగ్గ బరువు, గేరుకి తగ్గ తేడా తెలుస్తాయి. అది చూసుకోండి. చూసుకున్నాక మీ ఐదు నిమిషాలు ఏమవుతాయో రాయండి. ఇన్నాళ్ళూ ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాను. మీ మద్దెల దానంతటదే మోగుతోంది.

నేను కూడా రేపటినుంచి డ్యూటీకి వెళ్ళేముందు తొక్కుతున్నాను. మీ గురించి కాదు, ఒంటికి మంచిదని.

మీ తమ్ముడు

ఫిబ్రవరి 14

మహారాజశ్రీ తోడల్లుడుగారికి,

తమరి లేఖ అందినది. తమరు అడిగిన వివరములు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

బరువు: మీ వదిన పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లోని తూకం మీద, బూట్లతో సహా, ఆమె సమక్షంలో నిలబడి, ఆమె చెప్పిన అంకె ఆమె చేతే యాప్‌లో వేయించాను. ఆ అంకె ఇక్కడ రాయను, అది మా ఇంటి విషయం. పద్ధతి: కొండ పద్ధతిలోనే ఉంది, మొదటినుంచీ ఉంది. అంకెలు మారలేదు. ఇంకా పెరిగాయి.

నలభై ఏళ్ళుగా ఊరి జనానికి అక్షరం కనిపించేలా చేస్తున్నాను. "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అద్దాలు మార్చి మార్చి అడిగి, వాళ్ళు చెప్పిందే రాస్తానుగానీ నాకు తోచింది రాయను. అలాంటివాణ్ణి పట్టుకుని దొంగబరువు వేశానంటారా? మిమ్మల్ని ఏమీ అనను. అనేదేదో సవారీ రోజు పైకెక్కి అంటాను. మీకు వినపడాలంటే మీరు కూడా పైదాకా రావాలి మరి.

కిందటివారం ట్యాబ్‌లో సిగ్నలే రాలేదు. ట్రైనర్ పేరే కనబడలేదు. యాప్ వాళ్ళు కొత్త అప్‌డేట్ ఇచ్చి పాడుచేశారని నిర్ధారించుకుని వాళ్ళకి ఒక ఘాటైన ఉత్తరం రాశాను. తెర లేకుండానే వారమంతా ఆ బస్తా బరువు తొక్కాను, మానలేదు. ఈ సోమవారం దానంతటదే బాగైంది. నా ఉత్తరం పనిచేసింది.

అదే సోమవారం పై వాటా అమ్మాయి కూడా ఊరినుంచి వచ్చింది. వచ్చీ రాగానే కిందికి దిగి, తన సైకిల్‌కి దయ్యం పట్టిందండీ అంది. హాయిగా తొక్కుతుంటే ఉన్నట్టుండి కొండంత బరువవుతుందట, మరుక్షణం గాలిలో తొక్కినట్టు తేలిపోతుందట. జనవరి చివరినుంచీ ఇంతేనట. కరెంటు హెచ్చుతగ్గులమ్మా, స్టెబిలైజర్ పెట్టించుకో అని ధైర్యం చెప్పి పంపాను. చిన్నపిల్ల, భయపడుతోంది.

మీ వదిన ఇది విని, ఫోన్ చూసుకుంటూ ఒక్కసారి నవ్వినట్టుంది.

ఇట్లు,
తమరి చేత అనుమానింపబడిన అన్నయ్య

ఫిబ్రవరి 22

అన్నయ్యా,

ముందు మిమ్మల్ని "తమరు" అనే అవస్థకి తెచ్చినందుకు లెంపలేసుకున్నాను, మీ మరదలు చూస్తుండగా. మీరు దొంగబరువు వెయ్యలేదు. మీరు అబద్ధం చెప్పలేదు. యంత్రమూ చెప్పలేదు. చెప్పిందల్లా నిజమే, కాకపోతే మీ నిజం కాదు.

నెమ్మదిగా చదవండి. ఒకసారి ఒక ఆసుపత్రిలో పక్కపక్కన రెండు లిఫ్టులు బిగించాం. వైర్లు తారుమారయ్యాయి. ఎడమ లిఫ్టులో నిలబడ్డవాడు ఐదు నొక్కితే కుడి లిఫ్టు ఐదుకి పోయేది. ఎడమవాడు "లిఫ్టు పనిచెయ్యదు" అని తిట్టుకునేవాడు, కుడివాడు "దయ్యం" అని అరిచేవాడు. మీ ఉత్తరంలో దయ్యం మాట చదవగానే నాకు ఆ కుడి లిఫ్టు గుర్తొచ్చింది.

ఆ అమ్మాయి ఊళ్ళో లేని వారమే మీకు సిగ్నల్ పోయింది. ఆమె వచ్చిన రోజే వచ్చింది. మీరు దిగినా తెరమీది మనిషి దిగలేదు. మీరు బటన్ నొక్కితే మీ కాలికి తెలియదు, పైన ఆమె కాలికి తెలుస్తుంది. అన్నయ్యా, మీ ట్యాబ్ పట్టుకున్నది పై వాటా ట్రైనర్ని. ఆ ఐదు నిమిషాలు ఈత నేర్పే అమ్మాయివి.

నమ్మకపోతే పరీక్ష చేసుకోండి. ఆమెని సైకిల్ ఎక్కమని చెప్పి, మీరు కింద సైకిల్ ముట్టుకోకుండా బటన్ మాత్రం నొక్కండి. ఇంకా కావాలంటే మీ ట్రైనర్ అడుగున అంటించిన చీటీమీద నాలుగు అంకెలు చూసి, ట్యాబ్‌లోవాటితో పోల్చండి. అవే అంకెలు, పట్టించుకోవద్దని నేను మహాజ్ఞానిలా రాసినవి. తిలాపాపం తలా పిడికెడు, అందులో నా పిడికిలి పెద్దది.

ఒక్కటే నాకూ అంతుపట్టలేదు. మీ ట్రైనర్ మీ ట్యాబ్‌కి అసలు కనబడలేదెందుకు? ఆ పెట్టె ఒకసారికి ఒక్కరి మాటే వింటుంది. ఎవరైనా ముందే పట్టుకుని ఉంటే ఇంకెవరికీ కనబడదు. దాన్ని ఎవరు పట్టుకున్నారో వెతకండి.

మీ తమ్ముడు

మార్చి 3

తమ్ముడూ,

పరీక్ష చేశాను. ఆమె పైన ఎక్కింది, కిటికీ తెరిచి ఉంచింది. నేను కింద స్టూలు మీద కూర్చుని బటన్ నొక్కాను. పైనుంచి "అయ్యో" అని వినబడింది. దించాను. "హమ్మయ్య" అంది. నాలుగుసార్లు అయ్యో, నాలుగుసార్లు హమ్మయ్య. ఆ తర్వాత ఇద్దరం మెట్లమీద కూర్చుని నవ్వుకున్నాం. ఆమె ఎక్కువ నవ్వింది. మంచిపిల్ల, నెలరోజులు తన కాళ్ళతో ఆడుకున్నా ఒక్క మాట అనలేదు. పైగా, "నేను అంత బాగా తొక్కుతున్నానని మీకు తెలియదు, నాకూ తెలియదు అంకుల్, సవారీకి నేనూ వస్తాను" అంది. నీ టైం దాటిపోయిన మనిషి ఎవరో ఇప్పుడు తెలిసింది కాబట్టి నువ్వు జాగ్రత్త.

ఆమె వెళ్ళాక చీటీ చూశాను. అంకెలు వేరు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇన్నాళ్ళూ ఎవరినో అన్నమాట అనుకున్నాను.

నా ట్రైనర్ని ఎవరు పట్టుకున్నారో తెలియలేదు. టీవీ ఆపి చూశాను, పక్క వాటా వాళ్ళనీ అడిగాను. ట్యాబ్‌లో దాని పేరు ఎంతకీ రాలేదు. అంటే నేను ఇన్ని వారాలు ఏ లెక్కా లేకుండా, ఏ కొండా లేకుండా ఒక ఇనప పెట్టెని గిరగిర తిప్పాను. నా కాళ్ళలో ఎంత సత్తువ ఉందో నాకు తెలియదు. ఉందో లేదో కూడా తెలియదు. నీకు గొప్పలు రాసిన ప్రతి ఉత్తరం తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మొన్న ఆదివారం మీ వదిన ముందు కొండ మొత్తం ఎక్కి చూపించాను. కాలు కింద పెట్టలేదు. తెరమీద జెండా ఊగింది. ఆమె "చూద్దాం" అని లేచి వెళ్ళింది. చక్రం ఇస్తుందనే అనుకున్నాను. ఇప్పుడా జెండా నాది కాదు. చెప్పకుండా చక్రం తీసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆమె ల్యాబ్‌లో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా చేసే పని ఏమిటి? ఎవరి రక్తం మీద ఎవరి పేరు ఉందో చూడటం. అలాంటి మనిషికి ఇంకొకరి చీటీ అంటించిన సీసా ఎలా ఇవ్వను?

రేపు చెబుతాను. పట్టికలో నా పేరు కొట్టించెయ్యి. నువ్వు ఎక్కు, ఆ పిల్లనీ ఎక్కించు. నాకు బాధగా ఉంది తమ్ముడూ, దాచుకోను. భుజం విరిగిన రోజు కూడా ఇంత బాధ లేదు.

అన్నయ్య

మార్చి 8

మరిదిగారికి,

మీ అన్నయ్య రాయాల్సిన జవాబు నేను రాస్తున్నాను. ఆయన కొట్లో ఉన్నారు, వచ్చినవాళ్ళందరికీ కళ్ళద్దాలకంటే ముందు ఈ కథ చెబుతున్నారట.

ఇన్ని ఉత్తరాల్లో మీరిద్దరూ వెతికిన దొంగని నేనే. ఆ ట్రైనర్ని పట్టుకున్నది నా ఫోన్.

మీరు బిగించిన రోజు నా ఫోన్‌లో యాప్ పెట్టి, బాగా బరువు పెట్టి సరిచూసి, దాన్ని మూయకుండా వెళ్ళిపోయారు. మొదటిరోజు ఆయన తొక్కుతుంటే నా ఒళ్ళో ఫోన్ వెలిగింది. గీత ఒకటి పైకీ కిందికీ పోతోంది. ఆయన ఆపితే ఆగుతోంది. నా అలవాటు కొద్దీ ముందు చీటీ చూశాను. ట్రైనర్ అడుగున ఉన్న అంకెలు, నా ఫోన్‌లోవి ఒకటే. ఆయన ట్యాబ్‌లోవి వేరు. ఎవరి నమూనా ఎవరిదో ఆ పూటే తెలిసిపోయింది.

ఎందుకు చెప్పలేదంటారా? చెప్పాలనిపించలేదు. మీకు కొండమీద పడిన మనిషే గుర్తున్నాడు. నాకు ఆ రోజు వచ్చిన ఫోనూ, అవతల ఎవరిదో గొంతూ, ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆయన బతికున్నారో లేదో ఎవరూ చెప్పకపోవడమూ గుర్తున్నాయి. ఆ కొండ మళ్ళీ ఎక్కకూడదనే నా కోరిక. షరతు పెట్టింది ఎక్కడానికి కాదు, ఎక్కలేక మానేస్తారని. అందుకే ఫోన్‌లో బరువు ఇంకో మెట్టు పెంచాను. దిగిపోతారనుకున్నాను. దిగలేదు. నీళ్ళు తాగి, ముఖం తుడుచుకుని, పాట ఎత్తుకున్నారు. ఆయన పాట సంగతి మీకు తెలుసు.

తర్వాతి వారం ఇంకో మెట్టు పెంచాను. తర్వాత ఇంకొకటి. ట్యాబ్ చచ్చిపోయిన వారం తెర లేదు, కొండ లేదు, మెచ్చుకునేవాళ్ళు లేరు. ఇప్పుడు తప్పకుండా మానేస్తారనుకున్నాను. గోడకేసి చూస్తూ తొక్కారు. ఆ వారంలోనే ఎప్పుడో, దించడానికి పెంచడం మానేశాను. ఎక్కుతారేమో చూద్దామని పెంచుతూ వచ్చాను. దగ్గు వచ్చిన రోజు ఒకసారి తగ్గించాను కూడా, ఆయనకి తెలియదు.

పై వాటా దయ్యం మాట విన్నప్పుడు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను. "మీరు తొక్కించారు, నేను గట్టిపడ్డాను ఆంటీ" అంది.

నాలుగో తారీఖున ఆయన నా ముందు నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అద్దాలు తుడుస్తూ, ఆ కొండ తను ఎక్కలేదని చెప్పారు. అంత గొప్పలు పోయే మనిషి అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఫోన్ తీసి చేతిలో పెట్టాను. మొదటిరోజు నుంచీ అన్నీ ఉన్నాయి, ఆయన తొక్కినవి ఆయనవిగా. ఆఖరి ఆదివారం నేను పెట్టిన ఎక్కుడు మూడో మలుపుకంటే నిటారుగా ఉంది. తెరమీద జెండా ఊగేదాకా ఆయన అదే తొక్కారు, ఆపలేదు. మీకంటే ఐదు నిమిషాలు ముందు కాదు. ఫోన్ లెక్క ప్రకారం పన్నెండు నిమిషాలు వెనక. కానీ ఎక్కారు.

ఆయన ఆ గీత చూసి, అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశారు. "ఇది నాదేనా?" అన్నారు. "చీటీ చూసుకోండి" అన్నాను. నేలమీద పడుకుని పెట్టె కింద అంకెలు చదివారు. లేవడానికి మాత్రం నా చెయ్యి కావాల్సి వచ్చింది.

చక్రం బీరువాలోంచి తీశాను. గాలి నేనే కొట్టాను. పట్టికలో ఆయన పేరు కొట్టించి ఉంటే మళ్ళీ రాయించండి, పక్కన పై వాటా అమ్మాయి పేరు కూడా. ఆరోజు మూడో మలుపు దగ్గర నేను నిలబడతాను, చెల్లెల్ని కూడా రమ్మనండి.

ఫోన్ ఇంట్లోనే వదిలేసి వస్తాను. ఆ కొండ నా మాట వినదు కదా.

మీ వదిన